పగలు పడుకునే మనిషి

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే, మధ్యలో లేచి పాలు పొంగుతున్నాయేమో చూసుకోవడానికి వెళ్ళే మనిషిని నేను. ఇప్పుడు కూడా ఏదో చూశానని చెప్పడం లేదు. విన్నది చెబుతున్నాను.

మా ఆయన సికింద్రాబాద్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ చేసేవారు. పొద్దున వచ్చి, పగలంతా పడుకునేవారు. కార్ఖానా ఏరియాలో మా ఇల్లు మూడో అంతస్తు. పరదాలు వేసినా పడకగది తెల్లగోడలు మెరిసిపోయేవి. అందుకే ముదురు రంగు వేయిద్దామనుకున్నాం. ఆయనకు ఆకుపచ్చ కావాలి, నాకు నీలం. మోండా మార్కెట్‌లో వంకాయలు ఏరుతూ కూడా అదే పంచాయితీ.

"ఆకుపచ్చ అయితే కండ్లకు సల్లగుంటదే," అనేవారు.

"పండుకునేది మీరొక్కరేనా? ఆ గదిల నేను సుత ఉండాలె గద," అనేదాన్ని.

అది తేలకముందే గుండెపోటుతో పోయారు.

ఏడాది దాటాక గోడలు చెమ్మపట్టి, రంగు వేయించక తప్పలేదు. కొత్తగా పిలిపించిన పెయింటర్ యాదగిరికి మా ఇంటి సంగతులేవీ తెలియవు. మంచం తలవైపు గోడకు రెండు రంగులూ పక్కపక్కనే కొంచెం కొంచెం పూసి, "ఆరినంక చూసి చెప్పున్రి అమ్మా," అని భోజనానికి వెళ్ళాడు.

మధ్యాహ్నం ఒక్కదాన్నే వాటిని చూస్తూ నిలబడ్డాను. ఊపిరి వినిపించింది. గాఢనిద్రలో ఉన్న మనిషి ఊపిరి. వదిలేటప్పుడు చివర్లో సన్నటి ఈల. ఆ ఈల పక్కనే నా కాపురమంతా గడిచింది.

ఫ్యాను ఆపాను. ఊపిరి ఆగలేదు. నీలం దగ్గర చెవి పెట్టాను, ఏమీ లేదు. ఆకుపచ్చ దగ్గర పెడితే, చెంప పక్కనే ఉన్నట్టు స్పష్టంగా ఉంది. ఆ గోడకు అవతల ఇల్లేమీ లేదు. ఖాళీ గాలి.

నా భ్రమేనని సరిపెట్టుకునేదాన్ని. కానీ తిరిగొచ్చిన యాదగిరి గుమ్మంలోనే ఆగి, గొంతు తగ్గించాడు.

"సార్ పండుకున్నట్టున్నరు. జెర ఆగి రావాల్నా అమ్మా?"

వేలితో ఆకుపచ్చను చూపించాను.

రెండు రోజుల్లో గది మొత్తం ఆకుపచ్చ అయింది. రంగు ఆరిన మధ్యాహ్నం పరదాలు వేసి, ఆయన పడుకునే వైపు ఒత్తిగిలి, చెవులు రిక్కించుకుని పడుకున్నాను. కింద ఆటోల హారన్లు తప్ప ఏమీ లేదు. మర్నాడూ లేదు. ఆ తర్వాత ఎప్పుడూ లేదు.

మా చెల్లెలు రజితకు చెప్పాను. "బావ అనుకున్నది అయింది గదక్కా. ఇగ నిమ్మళంగ పండుకున్నడు," అని నా చెయ్యి పట్టుకుంది.

యాదగిరిని మళ్ళీ అడిగితే, "విన్ననమ్మా, అబద్ధమెందుకు చెప్తా," అన్నాడు. అదేమిటో అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

నీలమే కావాలని నేను మొండికేసి ఉంటే, వాదించడానికైనా ఇంకొన్నాళ్ళు ఉండేవారేమో.