అత్త కాళ్ళకు కుందేళ్ళు

ఇప్పుడంటే ఇంట్ల తొడుక్కునే మెత్తటి సాక్సులు ఏ దుకాణంల చూసినా కుప్పలుగ కనబడుతున్నయి గని, నేను కొత్తకోడలిగ సిద్దిపేటకు వచ్చిన ఆ రోజుల్ల ఇంట్ల ఆడమనిషి కాళ్ళకు ఏదన్న ఉన్నదంటే అది పసుపన్న కావాలె, మట్టెలన్న కావాలె. గడపకాడ చెప్పులు ఇడిసి, కాళ్ళు కడుక్కొని లోపటికి రావాలె. మా అత్త గా చట్టానికి పోలీసు. (కడుక్కుంటే సరిపోదు, తుడుచుకోవాలె గూడ. నున్నటి బండల మీద తడి అడుగులు కనబడితే, అవి ఎవరివో సైజు చూసి చెప్పేది.) మనిషి మంచి పొడుగు, గొంతు అంతకన్న పొడుగు. నేను తొగుట దిక్కు పల్లెల ఏడో తరగతితోని బడి బందువెట్టి వచ్చినదాన్ని. ఆమె పిలిస్తే పలికేకన్న ముందు కొంగు సదురుకునేదాన్ని.

ఒకనాడు పొద్దున ఊడుస్తుంటే వంటింట్లకెళ్ళి దేవుని అర్ర దాక ఎర్రటి చుక్కలు కనబడ్డయి. కుంకుమ వొలికిందేమో అనుకొని వేలుతోని తీస్తే తడిగ ఉన్నది. చుక్కల ఎంబడే పోతే పొయ్యికాడ మా అత్త పప్పుకు తాలింపు పెడుతుంది. అరికాలుల పలిగిన గాజుముక్క దిగి ఉన్నది. "అత్తమ్మా, కాలుకు నెత్తురొస్తుంది" అంటే, "ఎవరి కాలుకే?" అన్నది. గంత తెలివి ఉండె ఆ కాళ్ళకు. దవాఖానకు తీస్కపోతే డాక్టరమ్మ కట్టుకట్టి, "షుగర్‌తోని కాళ్ళు మొద్దువారినయి, నొప్పి తెలుస్తలేదు. ఇగ ఇంట్ల గూడ ఉత్తకాళ్ళతోని తిరగొద్దు. ఇంకోసారి గిట్లయి పుండు ముదిరితే వేలు తీసేయవలసి వస్తది" అన్నది. మా అత్త అక్కడ బుద్ధిగ తలకాయ ఊపింది. ఇంటికొచ్చినంక గొంతు లేచింది. "ఇంట్ల చెప్పులేసుకొని పొయ్యికాడ నిలబడాల్నా? దేవునికి దీపం పెట్టాల్నా? వేలు పోతే పోనియ్యి, నాతోని గాదు" అన్నది. మా మామ పేపర్ దించకుంటనే, "వేలు పోతే మట్టె ఏడ పెట్టుకుంటవే?" అన్నడు. మా అత్త వంగి తన మట్టెల దిక్కు చూసుకున్నది. మా ఇంటాయన గదే సందు చూసుకొని, "చెప్పు కావొద్దు, ఉత్తకాలు కావొద్దు. గసొంటిదేదో నువ్వే చూడు" అని పని నా మీదేసి దుకాణానికి పోయిండు.

ముందుగాల ఆయన పెండ్లికి కొన్న నల్ల సాక్సులే మా అత్తకు తొడిగిన. రెండడుగులు బాగనే ఏసింది. మూడో అడుగుకు బండల మీద సర్రున జారి, ఫ్రిజ్జు తలుపు పట్టుకొని ఆగింది. తలుపు తెరుచుకొని పాలగిన్నె కింద పడ్డది. (తిట్లు పాలకు పడ్డయా, నాకు పడ్డయా అన్నది ఇప్పటికీ తేలలేదు.) తర్వాత ఉన్ని సాక్సులు తెస్తే, "కాళ్ళకు గొంగడి కప్పినట్టుంది, దురద" అని ఇసిరేసింది. ఇగ లాభం లేదని బజారు మీద పడ్డ. సాక్సులు ఎట్ల ఏరాల్నో నాకేం తెలుసు? ప్రతిదాంట్ల పిడికిలి పెట్టి చూసుడు, చెంపకు ఆనించి చూసుడు. దుకాణపాయన, "అమ్మా, కాలుకా, మొఖానికా?" అన్నడు. ఆఖరుకు ఒక జత దొరికింది. లోపట దూదిపరుపు లెక్క మెత్తగ ఉన్నది, కింద జారకుంట రబ్బరు చుక్కలు, పైన పట్టీ గట్టిగ ఒత్తుతలేదు. అన్నీ కుదిరినయి. ఒక్కటే కుదరలేదు. ముందటి దిక్కు కుందేలు మొఖం ఉన్నది. రెండు నల్లటి కండ్లు, గులాబి ముక్కు, నిక్కబొడుచుకున్న చెవులు. "అన్నా, మొఖం లేనియి లేవా?" అంటే, "పిల్లల సరుకమ్మా ఇది. పెద్ద సైజుల గీ రకమొక్కటే వచ్చింది" అన్నడు. వేలు ముఖ్యమా, మొఖం ముఖ్యమా అనుకొని తెచ్చేసిన.

మట్టెలు తట్టుకొని దారం తెగుతదని, వేలు కాడ చిన్నగ కత్తిరించి, అంచు కుట్టిన. నా తెలివి ఏమనాలె, ఆ బొక్క సరిగ్గ కుందేలు నోటికాడికి వచ్చింది. మా అత్త తొడుక్కుంటే లోపటికెళ్ళి వెండి మట్టె తళుక్కుమన్నది, కుందేలుకు పండ్లు మొలిచినట్టు. మా మామ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నడు. మా అత్త మాత్రం నవ్వలేదు, జంకింది. "కండ్లున్నయి గదనే దీనికి! మనదిక్కే చూస్తుంది. కండ్లున్నదాన్ని కాళ్ళకు తొడుక్కుంటరా?" అని, వంగి రెండు కుందేళ్ళను ముట్టి కండ్లకద్దుకొని, ఇడిసి అల్మారల మీది అరకు ఎక్కిచ్చింది. కట్టుకట్టిన కాలు మళ్ళ ఉత్తగనే బండల మీద తిరుగుడు మొదలుపెట్టింది.

తెల్లారి పగటిపూట అన్నాలు తిన్నంక వంటింట్ల నిలబడి నన్ను కన్న మా అవ్వకు ఫోన్ చేసిన. కోపం, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చినయి. "అవ్వా, గీమె మనిషి గాదే, బండ! బజారంత తిరిగి తెచ్చిన, సూదితోని వేళ్ళు పొడుచుకున్న. సాక్సు మీది చెవులపిల్లికి మొక్కుతది గని తన కాలు తను చూసుకోదు. రేపు నిజంగ వేలు తీసేస్తే నేను చూస్తనా? గంత ఠీవిగ నడిచే మనిషి కుంటుతుంటే నా కండ్లతోని నేను చూడలేను. ఆమె కేకలు ఇనకపోతే నాకు పొద్దు గూడ పోతలేదే ఇప్పుడు" అని ముక్కు చీదుకుంట ఎనుకకు తిరిగిన.

ఎనుకనే మా అత్త ఉన్నది. మామూలుగ ఆమె వస్తుంటే మట్టెల టకటక మూడు అర్రల అవతలికెళ్ళే ఇనబడతది. ఆనాడు చీమ నడిచినంత చప్పుడు గూడ రాలేదు. కిందికి చూస్తే కాళ్ళకు కుందేళ్ళు. వాటి కండ్ల మీద నాలుగు బొట్టు స్టిక్కర్లు, ఎర్రటియి, నిండుగ అతికిచ్చి ఉన్నయి! నేను నోరు తెరుచుకొని చూస్తుంటే, "కండ్లు మూసిన. ఇగ దానికి తెల్వదు" అన్నది. గంతల్నే ఫోన్లకెళ్ళి మా అవ్వ, "హలో! హలో! బండ ఏమంటుందే?" అని ఊరంత ఇనబడేటట్టు అరిచింది. మా అత్త నా చేతులకెళ్ళి ఫోన్ తీసుకొని, "వదినా, బండ మంచిగనే ఉన్నది. సాక్సులు గూడ మంచిగున్నయి. చప్పుడు వస్తలేదు, అన్నీ ఇనబడుతున్నయి" అన్నది.

ఆనాటి సంది వాటిని ఇడువలేదు. మొదట్ల సాక్సులతోనే కాళ్ళు కడుక్కునేది. ("తొడుక్కున్నంక అవి గూడ కాళ్ళే గదనే!") నీళ్ళు తాకి స్టిక్కర్లు ఊడేటియి, మళ్ళ కొత్తయి అతికిచ్చేది. పుండుకు తడి మంచిది గాదని నేను ఇంకో జత తెచ్చి, కడిగినప్పుడల్ల మార్చేటట్టు చేసిన. పెరట్ల దొంగతనంగ బీడీ తాగే మా మామ పని మాత్రం ఖతమయింది. ఆమె ఎప్పుడొచ్చి ఎనుక నిలబడుతదో ఆయనకు తెలిసేది గాదు.

పుండు మానింది, వేలు నిలిచింది. ఆఖరుసారి డాక్టరమ్మకు చూపిచ్చి ఆటోల ఇంటికి వస్తున్నం. మా అత్త కుందేళ్ళ మీదనే చెప్పులేసుకొని వచ్చింది, పట్టీల సందులకెళ్ళి చెవులు బయటికి నిలబడ్డయి. పక్కన కూసున్న ఎవరో ఆమె, "గవేంది పెద్దమ్మా?" అని అడిగింది. మా అత్త ఆటో అంత ఇనబడేటట్టు, "నా కోడలు తెచ్చింది. నన్ను బండ అన్నది గని, కాళ్ళకు మాత్రం గింత మెత్తటియి ఏరి తెచ్చింది" అన్నది. అందరు నా దిక్కు తిరిగిన్రు. నా పరువు తీస్తుందనుకొని నేను బయటికి మొఖం తిప్పి, కోమటి చెరువు దిక్కు చూసుకుంట కూసున్న, జన్మల ఎన్నడూ చెరువు చూడనిదాని లెక్క. ఇప్పుడు అప్పటి నేను, గా పిల్లకోడలు, యాదికొస్తే నవ్వొస్తది. భుజం పట్టి ఇటు తిప్పాలనిపిస్తది. పిచ్చిదానా, చెరువు ఏడికి పోతది? ఒక్కసారి మీ అత్త మొఖం చూడవే.