జుబారాలో గృహప్రవేశం

పోయిన శుక్రవారం చర్చిలో ఆరాధన ముగిశాక మా బావమరిది కారుని దోహాలో ముఐథర్‌లోని తన ఇంటివైపు కాకుండా ఉత్తరంగా తిప్పాడు. ఎక్కడికని నేను అడగలేదు. వెనక సీట్లో అతని కూతురు చెవుల్లో ఏవో పెట్టుకుని పాటలు వింటోంది. నా కాళ్ల దగ్గర ఒక స్టీలు ఫ్లాస్కు ఉంది. అది చూశాక ఎక్కడికి వెళ్తున్నామో తెలిసింది. వచ్చే నెలాఖరుకి నా ఉద్యోగం అయిపోతుంది, దాంతోపాటు ఈ దేశంలో ఉండే అనుమతీ పోతుంది. గల్ఫ్‌లో తలలు నెరిసిన మన తరం వాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. వెళ్లిపోయేలోగా నన్నొకసారి జుబారా తీసుకెళ్లాలని అతను చాలా రోజులుగా అనుకుంటున్నాడట. అతనికి నాతో ఇంకో పని కూడా ఉంది. నరసాపురం దగ్గర మా ఊళ్లో పునాదుల దగ్గర ఆగిపోయిన మా ఇంటిని పూర్తి చేస్తానని నా చేత అనిపించాలి.

"గోడలు లేపేద్దాం బావా. మేస్త్రీతో నేను మాట్లాడతా. స్లాబు పడేదాకా నువ్వు కుర్చీ వేసుకుని కూచుంటే చాలు."

"నువ్వు రోడ్డు చూడు."

"రోడ్డుకేం, తిన్నగానే ఉంది. తిన్నగా లేంది నువ్వే."

జుబారా గురించి తెలియని వాళ్లకి రెండు మాటలు చెప్పాలి. ఖతర్‌కి వాయవ్యపు అంచున, సముద్రపొడ్డున ఉన్న పాడుబడ్డ ఊరు అది. ఒకప్పుడు ముత్యాల వర్తకులు పెద్ద పెద్ద లోగిళ్లు కట్టుకుని బతికారు. తర్వాత యుద్ధాల్లో తగలబడింది, మనుషులు పోయారు, ఇసుక కప్పేసింది. పక్కన ఒక కోట ఉంది గానీ అది చాలా తర్వాత కట్టింది. అసలు ఊరు కోటకి అవతల, చదునుగా, సముద్రం దాకా పరుచుకుని ఉంటుంది. పురాతత్వం వాళ్లు ఇసుక తీసిన చోట్ల గోడలు కనిపిస్తాయి. ఎక్కడా మోకాలి ఎత్తుకి మించవు. పెద్ద పెద్ద కట్టడాలు చూద్దామని వెళ్లిన వాళ్లు, ఇంతేనా అని తిరిగొచ్చేస్తారు.

మేం మొదటిసారి అక్కడికి వెళ్లినప్పటికి మా పెళ్లయి ఎన్నో ఏళ్లు కాలేదు. నేను ముందు వచ్చి, ఫ్యామిలీ వీసా దొరికాక మా ఆవిడని తెచ్చుకున్నాను. కాపురం దోహా నడిమధ్య ముషైరిబ్‌లో. ఇప్పుడు ముషైరిబ్ అంటే మెట్రో స్టేషనూ రాతిపలకల బాటలూ కాఫీ దుకాణాలూ. అప్పుడు అక్కడ పాత ఇళ్లుండేవి. ఒక్కో ఇంటిని ప్లైవుడ్ చెక్కలతో ముక్కలు చేసి, ముక్కకో కుటుంబాన్ని పెట్టేవాళ్లు. దాన్ని విల్లాలో పోర్షన్ అనేవాళ్లు. ఊళ్లో మా అత్తగారు కూతురు విల్లాలో ఉంటోందని అందరికీ చెప్పుకునేది, మేమూ కాదనలేదు. ఆ గదికి సొంత గుమ్మం లేదు. ముందు గదిలో ఉండే కృష్ణా జిల్లా వాళ్ల మంచం పక్కనుంచి నడిచి, వాళ్ల కర్టెన్ తొలగించుకుని మా గదిలోకి వెళ్లాలి. వాళ్లు మంచివాళ్లు, ఏనాడూ విసుక్కోలేదు. అయినా మా ఆవిడ ప్రతిసారీ గుమ్మం అవతల నిలబడి చిన్నగా దగ్గి, లోపలి నుంచి "రండి వదినా" అనే మాట వినపడ్డాకే అడుగు పెట్టేది. తర్వాత మాకు సొంత ఫ్లాటు వచ్చింది. అయినా ఆ దగ్గు పోలేదు. తాళం తీసి, తన ఇంటి గుమ్మంలో తనే నిలబడి దగ్గేది. లోపల నేనుంటే "రా, ఎవరూ లేరు" అనేవాణ్ణి. ఎన్నేళ్లయినా ఇద్దరం నవ్వేవాళ్లం.

ఆ మొదటి ప్రయాణం ముందు గది వాళ్ల వ్యానులో. వాళ్లిద్దరూ, మేమిద్దరం, అప్పుడే కంపెనీ వీసా మీద వచ్చి క్యాంపులో ఉంటున్న మా బావమరిదీ. అతనికి ఆ వారం డ్యూటీ లేదు, అక్క చేతి పులిహోర ఉంది, అంతకుమించి జుబారాతో అతనికి పనిలేదు. అప్పట్లో కోట దాటాక శిథిలాల దాకా గుంటల మట్టిబాట. వ్యాను ఎగిరెగిరి పడింది. మా ఆవిడ ఒళ్లో టీ ఫ్లాస్కు పెట్టుకుని, పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

దిగాక నేను ఆ ఊరి గురించి చదివింది చెప్పబోయాను. ఎవరూ వినలేదు. ఆమె అప్పటికే ఒక లోగిలి ముందు నిలబడిపోయింది. నలుచదరపు వాకిలి, చుట్టూ గదులు, గదికీ గదికీ మధ్య దారులు, అన్నీ మోకాలి ఎత్తు గోడలతో తేటగా కనిపిస్తున్నాయి. ఆమె దాన్ని కూలిపోయిన ఇల్లు అనుకోలేదు. మా వైపు ఇల్లు కట్టేటప్పుడు పునాది నేల మట్టానికి వచ్చి, గోడలు రెండు వరుసలు లేచాక ఆగి చూసుకుంటాం కదా, ఏ గది ఎక్కడొచ్చిందో, గాలి ఎటు కొడుతుందో. ఆమెకి అది అలా కనిపించింది. "అబ్బ, భలే మొదలుపెట్టారండీ," అంది. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆ క్షణాన నాకూ అలాగే కనిపించింది.

ఇంతలో బావమరిది గోడ దాటి వాకిట్లోకి దూకాడు.

"ఒరేయ్, గుమ్మం అక్కడుండగా గోడ దూకుతావేంట్రా దొంగోడిలా? వెనక్కెళ్లి గుమ్మంలోంచి రా."

"వెనక్కెళ్లాలన్నా గోడే దూకాలి కదక్కా!"

"దూకు. దూకి రా."

అతను దూకి, చుట్టూ తిరిగి, పెళ్లికొడుకులా కుడికాలు ముందు పెట్టి గుమ్మంలోంచి వచ్చాడు. ఆ వెనకే మేమందరం. ఆ తర్వాత ఆమె మాకు ఇల్లు చూపించింది. ఇది వసారా, ఇది మా గది, ఇది ఎవరైనా వస్తే పడుకోడానికి. వంటిల్లు ఇదీ అని ఒక మూల నిలబడింది. దాని పక్కన చిన్న గది, గచ్చు నేల మీద వరసగా కాలవలు, చివర ఒక గుంట. అంట్లు తోముకునే చోటని ఆమె తేల్చేసింది, నీళ్లు పోయే వాటం చూసి మెచ్చుకుంది కూడా. అది ఖర్జూరాల గది అని నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ కాలవల మీద ఖర్జూరం బస్తాలు దొంతర్లుగా పేరిస్తే, బరువుకి పాకం కారి గుంటలోని జాడీలోకి చేరేదట. చెబితే ఆమె కాసేపు ఆలోచించి, "అయితే జాడీల గదన్నమాట. మనకీ ఒకటి ఉండాలి," అంది.

వంటిల్లు అన్న మూలలోనే తువ్వాలు పరిచి పులిహోర పెట్టింది. తిన్నాక ఫ్లాస్కు బిరడా తీసింది. అంత దూరం కుదుపులు తిన్న టీ నురగతో పైకి తన్నుకొచ్చి, ఆమె చేతుల మీదుగా, చీర మీదుగా ఆ నేల మీదికి పొంగింది. ఆమె కంగారుగా లేచింది. ముందు గది వదినగారు చప్పట్లు కొట్టింది.

"పాలు పొంగాయమ్మా! ఏ దిక్కుకి పొంగాయో చూడండి."

"తూర్పుకే," అన్నాడు బావమరిది. "ఇంక గృహప్రవేశం అయిపోయినట్టే. పాస్టరు అయ్యగారొక్కరే తక్కువ, ప్రార్థన నే చేసేదా?"

"నోర్ముయ్యరా, చెయ్యి కాలింది ఇక్కడ," అంటూనే ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే తడిసిన నేలకేసి చాలాసేపు చూసింది. మిగిలిన టీ తలా రెండు గుక్కలు వచ్చింది. మా వైపు క్రైస్తవులం ముహూర్తాలు చూడం గానీ కొత్త ఇంట్లో పాలు పొంగించడం మానలేదు. ఆ పని ఇంటావిడది. వేరే చెయ్యి పడకూడదు.

చాలా ఏళ్లకి మా ఊళ్లో ఆ ఇల్లు మొదలుపెట్టాం. ముగ్గు పోసినప్పుడు సెలవు మీద ఇద్దరం వెళ్లాం. మధ్యలో వాకిలి, చుట్టూ గదులు అంటే మేస్త్రీ తల గోక్కున్నాడు. వంటింటి పక్కన ఈ చిన్న గది ఎందుకమ్మా, ఎందుకూ చాలదు, అన్నాడు. జాడీలకి, అందామె. పునాదులు లేచి, గోడలు రెండు మూడు వరుసలు వచ్చాక మేం తిరిగొచ్చేశాం. మిగతాది వచ్చే ఏడు సెలవుకి అనుకున్నాం.

ఆ వచ్చే ఏడు ఏమైందో అందరికీ తెలుసు. విమానాలు ఆగిపోయాయి. ఒకరోజు ఆమె తలుపు తీసి లోపలికి వస్తూ దగ్గింది, వంటగదిలోంచి నేను "రా, ఎవరూ లేరు" అన్నాను. మళ్లీ దగ్గింది. ఈసారి ఆగలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లాక నన్ను లోపలికి రానివ్వలేదు. ఆ రోజుల్లో ఎవరినీ రానివ్వలేదు. ఊరికి పంపే వీలు లేక ఆమెని ఇక్కడే, పట్నం బయట క్రైస్తవుల సమాధులకి కేటాయించిన చోట పెట్టాం. నేనూ బావమరిదీ, దూరంగా అయ్యగారూ. సమాధుల పండుగకి మా ఊళ్లో సమాధులకి సున్నం వేసి, బంతిపూలు పరిచి, వరసగా కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఇక్కడ నేను చేతిగుడ్డతో పలక మీది ఇసుక తుడిచి, ఒక కొవ్వొత్తి వెలిగించి, గాలికి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంటాను. వచ్చే నెల తర్వాత అది కూడా ఉండదు. విజిట్ వీసా మీద రావచ్చు కదా అంటారు. రావచ్చు. ఒకసారి, రెండుసార్లు. నాకూ వయసు వస్తోంది.

అందుకే ఇల్లు పూర్తి చెయ్యమని బావమరిది పట్టు. అతని ఉద్దేశం మంచిదే. ఆమె కోరిన ఇల్లు, ఆమె కోరినట్టే పూర్తయితే అందులో ఆమె ఉన్నట్టుంటుందని అతని నమ్మకం. ఇంతకాలం నేను చెబుతున్నది ఒకటే, పాలు ఎవరు పొంగిస్తారు అని. అది వంక అని అతను అనుకుంటాడు. వంక కాదు.

పోయిన శుక్రవారం మేం వెళ్లేసరికి శిథిలాల దాకా మంచి బాట ఉంది. నడవడానికి దారి గుర్తులు పెట్టారు, గోడల దగ్గరికి పోకుండా తాళ్లు కట్టారు. ఆ లోగిలిని వెతుక్కోవడానికి కొంతసేపు పట్టింది, దొరికింది. గుమ్మం అలాగే ఉంది. నేను తాడు దగ్గర నిలబడ్డాను. ఎందుకో తెలీకుండానే చిన్నగా దగ్గాను. మేనకోడలు చెవుల్లోవి తీసి, "మామయ్యా, నీళ్లు కావాలా?" అంది. వద్దన్నాను. కాపలా నేపాలీ కుర్రాడు, నేను తాడు దాటుతానేమోనని కాబోలు, దూరం నుంచి "అంకుల్, ఉధర్ నహీ" అని మర్యాదగానే కేకేశాడు. దాటే ఉద్దేశం నాకు లేదు. అక్కడి నుంచి వంటింటి మూల కనిపిస్తోంది.

బావమరిది నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"పాలెవరు పొంగిస్తారంటావు. అక్క ఎప్పుడో పొంగించేసింది కదా బావా, ఇక్కడే."

నాకు ధైర్యం చెప్పడానికే అన్నాడు. నిజమే చెప్పాడు. అతను ఆ మాట అన్నాక నేను వెతుక్కుంటున్న జవాబు దొరికింది, అయితే అతను అనుకున్నది కాదు. మా ఇంటి గృహప్రవేశం అయిపోయింది. ఒక ఇంటికి రెండుసార్లు చెయ్యరు. ఊరెళ్లాక చర్చికి దగ్గరలో ఒక గది అద్దెకి తీసుకుంటాను. ఆ పునాదుల మీద గోడలు లేపను. ఆ స్థలం అమ్మేదీ లేదు. వాకిలి, గదులు, జాడీల గది ఆమె నిలబడి చూసిన ఎత్తులోనే ఉంటాయి. ఈ మాట అతనికి చెప్పాను. అతను తల అటు తిప్పుకున్నాడు. ఇంక ఇంటి మాట ఎత్తలేదు.

ఇంటికొచ్చాక ఇది రాస్తూ ఆలోచిస్తే ఒకటి అనిపిస్తోంది. ఎవరో ముత్యాల వర్తకుడు ఎప్పుడో వదిలేసి పోయిన ఇంటికి తాడు కట్టి, కాపలా పెట్టి, గచ్చు మీది గీతలతో సహా కాపాడుతున్నారు, మంచిదే. మేం కాపురం చేసిన చెక్కగోడల గది ఎక్కడుండేదో ముషైరిబ్‌లో ఎన్నిసార్లు నిలబడి చూసినా పోల్చుకోలేకపోయాను. అక్కడ ఏ గుమ్మం ముందు దగ్గాలో చెప్పేవాళ్లు లేరు. ఆ కృష్ణా జిల్లా వాళ్లు ఎక్కడున్నారో తెలీదు. ఆమె ఇక్కడే ఉంది, నేను వెళ్లిపోతున్నాను.

తిరుగు ప్రయాణంలో కోట నీడన కారు ఆపాం. మేనకోడలు కప్పులు పట్టుకుంది. బావమరిది ఫ్లాస్కుని చొక్కాకి తగలకుండా చెయ్యి బారచాపి దూరంగా పట్టుకుని, మొహం పక్కకి పెట్టి, మూత ఒక్కో చుట్టూ తిప్పాడు.

"ఏంటి నాన్నా, బాంబా అది?" అంది కూతురు.

ఇద్దరం మూత కేసే చూస్తున్నాం. దోహా నుంచి జుబారా దాకా ఇప్పుడు రోడ్డు నున్నగా ఉంది, ఎక్కడా ఒక్క కుదుపు లేదు. మూత వచ్చేసింది. కొద్దిగా ఆవిరి లేచింది, అంతే. టీ పొంగలేదు.