ఒల్సూ గురువుగారి గొంతు

మా పియో దూసిక్ గురువుగారికి మెచ్చుకోవడం వచ్చు గానీ, ఎక్కడ మెచ్చుకోవాలో తెలియదు. కొరియాలో మా నామ్వాన్ ఊళ్ళో పాన్సోరి అనే పాటకథలు పాడుతుంటే వినేవాళ్ళు మంచి విరుపు దగ్గర "ఒల్సూ" అని అరుస్తారు, భళా అన్నట్టు. ఈయన పులుసు పొంగినా ఒల్సూ, బస్సు తప్పిపోయినా ఒల్సూ. ఒక చావింట్లో పెద్దకోడలు శోకం అందుకోగానే ఒల్సూ అన్నాడట. ఆవిడ ఒక్క క్షణం ఆగి, ఇంకా పై స్థాయిలో అందుకుందట.

నేను కాలేజీ మానేసి ఆయన దగ్గర చేరాను. నెలకోసారి సంత అరుగు మీద పాడేవాణ్ణి. ఆయన ముందు వరసలో కూర్చుని నా పాటకు అడ్డంగా అరిచేవాడు.

"మీ అరుపుల్లో నా పాట ఎవరికి వినపడుద్ది గురువుగారూ?"

"వినపడితే జనం కూర్చుంటారట్రా?"

అరవై రెండో ఏట ఆయన గొంతు బొంగురుపోయింది. మాలో జలపాతం పక్కన అరిచి అరిచి గొంతు చీల్చుకున్నవాడే గాయకుడు. బొంగురంటే గొంతు పండినట్టు. శిష్యులమంతా బియ్యపు కల్లు పోసి అభినందించాం. మింగుతుంటే ఆయనకు పొరబోయేది. దానికీ ఒల్సూయే, కాకపోతే గాలి ఎక్కువ, మాట తక్కువ.

ఎనిమిది నెలలైనా తగ్గలేదు. ఒకరోజు ఆయన భార్య పోరి పోరి ఆసుపత్రికి బయల్దేరదీసింది. ఒక కాలికి బూటు తొడిగి ఆయన నా వంక చూశాడు.

"నలభై ఏళ్ళకు పండిన గొంతు. డాక్టరుతో గీకించుకుంటారా?" అన్నాను.

నవ్వి, బూటు విప్పేశాడు. ఆ మాట నాది. ఎవరి మీదకీ తోయలేను.

ఆఖరికి వెళ్ళేసరికి గొంతులో రాచపుండు ముదిరింది, స్వరపేటిక తీసేశారు. బొంగురు మూడు వారాలు దాటితే చూపించుకోమని ఎవరూ చెప్పలేదా అని డాక్టరు అడిగాడు. చెప్పినావిడ పక్కనే ఉంది. నా వైపు చూడలేదు.

ఆయన గొంతు వినాలనిపించి నా పాత రికార్డింగు పెట్టుకున్నాను. ఒక్క పాటలో పదిహేడు ఒల్సూలు. చెవి ఆనించి వింటే, పదిహేడింటి కిందా నా గొంతు పగిలి ఉంది. ఒక్క పగులూ జనం చెవిన పడనివ్వలేదు మహానుభావుడు.

మొన్న మళ్ళీ పాడాను. గొంతు పాత చోటే పగిలింది. ముందు వరసలో గురువుగారి చేతిలో మూసిన విసనకర్ర ఠప్పున నేలను కొట్టింది. ఆయన పక్కనున్న ముసలమ్మ, "సమయం సందర్భం లేదా నీకు?" అని కసిరింది.

నాకు పాట మధ్యలో నవ్వొచ్చింది.

దాని మీదా ఒక దెబ్బ పడింది.