సాల్మన్‌రాజుకు నేనిచ్చిన పూచీ

నెల్లూరులో నమ్మకానికి మారుపేరు నేనే అనుకుంటూ తిరిగే రోజుల్లో ఆ పరువును చేతులారా సముద్రంలో కలిపాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మాదొక కంప్యూటర్ మిత్రబృందం. రహస్యంగా రాసుకోవడానికి ప్రతివారికీ ఒక డిజిటల్ తాళం ఉండేది. ఆ తాళం ఫలానా మనిషిదేనని, అతన్ని ఎదురుగా చూసి, ఆధార్ కార్డు పరికించి, ఇంకొకరు సంతకం చేయాలి. ఎవరు ఎవరికి సంతకం చేశారో బాణాలు గీసి పటం తయారుచేసింది నేనే. అందులో ఎక్కువ బాణాలు నావే. కొత్తవాళ్ళను చేర్చుకునే పెద్దరికం ఆ ఆదివారం నాకే దక్కుతుందని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాను.

బృందాన్ని నడిపే హసీనా అక్క గోడమీది పటంలో ఒక మూల వేలు పెట్టింది.

"ఈ మైపాడు సాల్మన్‌రాజు ఎవురబ్బయ్యా? నీ బాణం ఒక్కటే ఉండాది."

నిజం చెప్పాలంటే, మా బృందంలోని మైపాడు యోహాను ఫోన్ చేసి ఆ పేరున్న తాళానికి సంతకం కావాలంటే, ఎవరని అడక్కుండా గీకేశాను. బదులుగా ఆ తాళంతో నా తాళానికీ ఒక సంతకం వచ్చింది. తెలిసినవాడు అడిగితే ఆధార్ చూపించమనడమా? మొహమాటానికి పోతే కడుపైందని సామెత. నాకు సంతకమైంది.

"మంచి మనిషక్కా," అన్నాను.

"చూసినావా?"

"చూడకుండానా? పక్కన కూర్చోని చేపల పులుసు తిన్నాను."

"ఎట్టుంటాడు?"

"పొడుగ్గా, నల్లగా. మాట తక్కువ."

"ఆధార్?"

"కళ్ళారా చూసినానక్కా. ఫొటోలో ఇంకా బాగుండాడు."

అప్పుడే వచ్చిన యోహాను గుమ్మంలో ఆగిపోయాడు. పాపం, అబద్ధం చెప్పే అలవాటు లేదు వాడికి.

"అన్నా, సాల్మన్‌రాజు మా పడవ గదా. మా తాత పేరు పెట్టినాం. చేపలు యాడ పడతాండాయో వేరే పడవలోళ్ళకి తెలీకుండా ఒడ్డుకి చెప్పుకోవాలని దాని పేరున తాళం తీసుకున్నాం."

అందరూ ఘొల్లున నవ్వారు. హసీనా అక్క మాత్రం నవ్వలేదు.

"అయితే నువ్వు చేసిన సంతకాలన్నీ మళ్ళీ చూడాల," అంది.

పెద్దరికం యోహానుకు పోయింది. అక్క మర్నాడే మైపాడు బస్సెక్కి, పడవ పక్కన రాసిన నంబరు సరిచూసుకుని, దానికి స్వయంగా సంతకం చేసి వచ్చింది. ఉడుక్కున్న మిత్రులు నా తాళానికి చేసిన సంతకాలన్నీ వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు ఆ పటంలో నన్ను నమ్ముతున్నట్టు మిగిలిన బాణం ఒక్కటే, సాల్మన్‌రాజుది.

అందుకే కావలి నుంచి మైపాడు దాకా సకల జనుల సాక్షిగా శపథం చేస్తున్నాను: ఇకమీదట మా అమ్మ తాళానికైనా ఆధార్ చూడందే సంతకం చేయను. పడవదైతే, ఎక్కి చూడందే అసలు చేయను.