గడప లేని దర్వాజ

దయ్యాలు, ఎరుక, పూనకాలు... ఇవంటే చిన్నప్పటి నుంచీ నాకు ఒళ్లుమంట. అమ్మ ఎరుక చెప్పించుకుంటుంటే విసుక్కుని లేచిపోయేదాన్ని. కానీ ఇది నా కళ్లముందు జరిగింది. ఏమనుకోవాలో మీరే చెప్పండి.

మాది కొల్లాపూర్. నాన్న వడ్రంగి, కృష్ణ అవతలి ఒడ్డుకు కూడా పోయి ఎరగడు. అన్న పల్టన్‌లో చేరి, యుద్ధానికి సింగపూర్ పోయాడు. ఆ ఊరు జపాన్ వాళ్ల చేతికి చిక్కాక అన్న దగ్గరనుంచి ఉత్తరం లేదు. "నా కొడుకు వస్తడు, పెండ్లి చేస్త" అని అమ్మ పట్టుబట్టి పెరట్లో అన్నకు ఇల్లు మొదలుపెట్టించింది.

మా వైపు గోడలు లేవకముందే దర్వాజ, అంటే ద్వారబంధం, నిలబెడతారు. గడపకు పసుపు రాసి పూజ చేశాకే మిగతా పని.

నాన్న ఆ దర్వాజ చేసిన తీరు చూసి నాకు మతిపోయింది. రెండు పక్కల నిలువు కంబాలు చదరంగా చెక్కకుండా గుండ్రంగా వదిలేశాడు. పైదూలం రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చింది. దాని కింద ఇంకో అడ్డకర్ర. ఒక్క మేకు లేదు. రంగు వేయనివ్వలేదు. గడప అసలే లేదు.

"ఏందయ్యా గిది? కడప లేకుంటే పసుపు యాడ రాయాలె? ఇల్లా, పశువుల దొడ్డా?" అని అమ్మ అరిచింది.

నాన్న తన చేతులవైపు చూసుకున్నాడు. "నాకేం తెల్వదే. చేతులు గట్లనే పోతున్నయ్."

ఆ తర్వాత ఆయన ఉలి ముట్టలేదు. గోడలూ లేవలేదు. ఖాళీ నేలలో దర్వాజ ఒక్కటే మిగిలింది.

యుద్ధం ముగిశాక, అన్నతో పాటు ఖైదులో ఉన్న సిపాయి గద్వాల నుంచి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. పెరట్లో ఆ దర్వాజను చూసి అక్కడే ఆగిపోయాడు.

"పెద్దయ్యా, గిది ఈడికెట్ల వచ్చింది? అడవిల జపానోళ్లు వాళ్ల దేవునికి గుడి కట్టిండ్రు. దూలాలు మాతోనే మోయించిండ్రు. గుడి ముంగట అచ్చం గిట్లాంటిదే నిలవెట్టినం. తలుపుండదు, కడపుండదు. ఆ పని మీదనే మీవానికి జరమొచ్చి పానం వోయింది. దాని పక్కకే బొందవెట్టినం."

నాన్న పోయి ఆ కంబానికి చేయి ఆనించాడు. అమ్మ ఏడవలేదు. లోపలికి పోయి పసుపు కలిపి తెచ్చింది. గడప ఉండాల్సిన చోట, ఉత్త మట్టికి రాసింది.

"ఇగ లోపలికి రా బిడ్డా" అంది.

నాన్న చేతులకు ఆ పని ఎవరు నేర్పారో నాకు ఈనాటికీ అంతుపట్టదు. ఇంకెవరైనా చెబితే నేనే కసురుకునేదాన్ని. అమ్మ మాత్రం బతికినన్నాళ్లూ ఆ మట్టికి పసుపు రాస్తూనే ఉంది. అన్న రాలేదు.