వేళ్లు కొలిచిన రోజు

ఎనభైల మొదట్లో, రాజోలు దగ్గర మా పేటలో గల్ఫు పిచ్చి పట్టని ఇల్లు లేదు. ప్యాంటు వేసుకుని కొత్తమనిషి ఎవరొచ్చినా కువైట్ ఏజెంటే అనుకునేవాళ్లు. అలాంటి చోటికి యూనివర్సిటీ నుంచి ఒకాయన వచ్చి, పై వారం బడిలో అందరి చేతివేళ్లూ కొలుస్తానన్నాడు. ఇంకేముంది, వేళ్లు పొడుగున్న వాళ్లకే వీసా అని సాయంత్రానికల్లా పేటంతా పాకిపోయింది. నేను ఆ బడిలోనే పంతులమ్మని. అది కాదర్రా అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. వింటేగా!

మా మేనత్తకైతే మరీ ఆశ. మావయ్య పోయాక ఆవిడే నాట్లకీ కోతలకీ వెళ్లి ఇల్లు నెట్టుకొస్తోంది. కువైట్‌లో ఇంటిపని దొరికితే కూతుర్ని నర్సు చదివించాలని కోరిక. బురదలో గోళ్లు అరిగిపోతాయని, నిండు నాట్ల వారంలో పని మానుకుని మరీ గోళ్లు పెంచింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

కొలతల రోజు బడిలో అత్త వంతు వచ్చింది. ఆయన ఆవిడ అరచెయ్యి బల్లమీద పెట్టించి, చూపుడువేలూ ఉంగరపు వేలూ జాగ్రత్తగా కొలిచాడు.

"గోరు లెక్కలోకి రాదమ్మా. అయినా మీ ఉంగరపు వేలు చూపుడువేలికన్నా బాగా పొడుగు. మగవాళ్లలో ఇలా ఎక్కువ, ఆడవాళ్లలో తక్కువ."

అత్త మొహం వెలిగిపోయింది. "అయితే నేను పాసయినట్టేనాండీ? కువైట్ ఎప్పుడు పంపిస్తారండీ?"

పాపం, ఆయన తెల్లబోయాడు. ఉద్యోగాలేం లేవనీ, ఆడామగా మధ్య, కులానికీ కులానికీ మధ్య వేళ్ల పొడవులో తేడా ఉందేమో చూసే చదువు ఇదనీ నెమ్మదిగా చెప్పాడు. అత్త పెంచుకున్న గోళ్లని ఓసారి చూసుకుంది.

"పెద్దవీధోళ్లవీ కొలిచేరాండీ?" అంది. పెద్దవీధంటే మమ్మల్ని కూలికి పిలిచే పై కులాలవాళ్లది.

"కొలిచానమ్మా."

"వాళ్లయ్యి వేరే రకమాండీ?"

"లేదమ్మా. అక్కడా ఇక్కడా అన్ని రకాలూ ఉన్నాయి. ఒక్క చెయ్యి చూసి ఎవరిదో నేను చెప్పలేను."

"ఆయ్," అంది అత్త. లేస్తుందనుకున్నాను. లేవలేదు. రెండో చెయ్యి కూడా బల్లమీద పెట్టింది.

"అయితే ఇదీ కొలవండి. మా చెయ్యి తగుల్తాదని కూలి డబ్బులు కూడా ఆ వీధోళ్లు పైనుంచి పడేస్తారండి. ఇంతసేపు పట్టుకుని చూసినోరు మీరొక్కరేనండి."