కలిదిండి గట్టు మీద నా గెలుపు

ఆ రోజుల్లో సైకిలున్నవాడికి కాస్త పొగరు ఉండేది. నాకు దానిపైన మరికాస్త ఉండేది. కొత్తగా పెళ్ళయి ఏలూరులో గుమాస్తాగా చేస్తున్న నేను, కలిదిండిలోని అత్తవారింట నా సైకిలు స్వారీ గురించి కోసిన కోతలు కొల్లేటి కొంగలకన్నా ఎక్కువే ఉంటాయి. వినీ వినీ మా బావమరిది వేసవిలో పందెం పెట్టాడు. చేలగట్ల మీదుగా కొల్లేటి ఒడ్డుకి చేరాలి. చేలకి నీళ్ళు పారే బురద బోదె అడ్డమొస్తే సైకిలు భుజాన వేసుకుని దాటాలి. "ఆయనే ఫస్టు" అని మా ఆవిడ తన అక్కచెల్లెళ్ళకి ముందే చెప్పేసింది. ఇక ఓడితే నా పరువుతోబాటు ఆవిడ మాటా పోతుంది.

ఏలూరులో సాధన మొదలెట్టాను. పరుగెత్తే సైకిలు మీంచి దూకడం, దాన్ని భుజానెత్తుకుని మేడమెట్లు ఎక్కడం, దిగడం. (ఇంటిగలావిడ జాలిగా అడిగింది: "ఏవండీ, సైకిలుకి ఒంట్లో బాగోలేదా అండీ?")

పందెంనాడు గట్టుమీద గాలిలా పోయాను. మొదటి బోదెలో దిగానో లేదో, మోకాళ్ళదాకా కూరుకుపోయాను. మేడమెట్ల మీద బురద ఉండదన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు! భుజానున్న సైకిలు నన్నింకా కిందికి తొక్కుతోంది. వెనకాలే బావమరిదీ, అతని స్నేహితులూ వచ్చేశారు. నన్ను దాటిపోతే బతికిపోదును. దాటలేదు! సైకిళ్ళు భుజాన పెట్టుకుని గట్టున వరసగా నిలబడ్డారు.

"పోండర్రా, పందెం కదా!" అన్నాను.

"అమ్మో, కొత్తల్లుడుగారిని దాటిపోతే నాన్నగారు ఊరుకుంటారాండీ? మీరు కానివ్వండి బావగారూ, మాకేం తొందర లేదు" అన్నాడు బావమరిది.

"పోనీ చెయ్యివ్వమంటారాండీ?" అన్నాడు ఇంకొకడు.

"అక్కర్లేదు" అన్నాను, మరికాస్త దిగబడుతూ.

చివరికి చెయ్యి ఇవ్వనే ఇచ్చారు. ఆ తరవాత ప్రతి బోదెలోనూ అదే తంతు. ఒడ్డుకి నేనే ముందు చేరాను, వెనక వాళ్ళంతా పెళ్ళి ఊరేగింపులా నడిచొస్తుంటే. మామగారు బురదలో నా మెడ ఎక్కడుందో వెతికి మరీ దండ వేశారు. మరదళ్ళు పైటకొంగులు నోట్లో కుక్కుకున్నారు. మా ఆవిడ నవ్వలేదు. చెంబుతో నా కాళ్ళమీద నీళ్ళు పోస్తూ, "ఓడిపోయినా బాగుండేదండీ" అంది మెల్లగా. బురద పోయింది గానీ సిగ్గు పోలేదు.

ఇప్పుడు కాలవగట్టు మీద వెనకనుంచి ఎవరు బెల్లు కొట్టినా పక్కకి తప్పుకుంటాను. కుర్రాళ్ళు రివ్వున దాటిపోతుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. పిల్లలకి ఆ గెలుపు కథ చెబుతున్నప్పుడల్లా వంటింట్లోంచి, "వెనకాల ఎవరున్నారో కూడా చెప్పండి!" అని వినిపిస్తుంది.

కొంగలున్నాయంటాను. పాపం, ఆవిడ కాదనదు.